తెల్లగోలి, పచ్చగోలి, పేరులేని గోలి

యాంటీబయాటిక్ వాడాక మొదలయ్యే విరేచనాల వెనుక ఒక మొండి బాక్టీరియా ఉండొచ్చు. దాన్ని పట్టుకోవాలంటే ముందు ఆ మందు పేరు తెలియాలి. నల్గొండ, పాలమూరు పల్లెల్లో రోగి చేతికి అందనిది ఆ పేరే.

పంటి వాపుకో గొంతు నొప్పికో ఐదు రోజులు గోలీలు వాడి, అది తగ్గి, మనిషి మళ్లీ పనిలో పడ్డాక రెండు వారాలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఆ రెండింటినీ ఎవరూ కలిపి చూడరు. దేవరకొండలోనైనా నారాయణపేటలోనైనా మొదటి అనుమానం నీళ్ల మీదికి పోతుంది, తర్వాత పెళ్లి విందు మీదికి, ఆ తర్వాత ఎండ మీదికి. ఈ మెట్టప్రాంతానికి తరతరాలుగా జబ్బులు మోసుకొచ్చింది నీళ్లే కాబట్టి ఆ అనుమానం అర్థం లేనిది కాదు. కానీ యాంటీబయాటిక్ వెంట వచ్చే విరేచనాల్లో ఒక రకానికి దారి తీసేది ముందు మింగిన గోలీయే. దాన్ని గుర్తుపట్టడానికి డాక్టర్ మొట్టమొదట అడగాల్సింది ఒక్కటే: ఈ మూడు నెలల్లో ఏ మందులు వాడారు? మన పల్లెల్లో దీనికి జవాబు చాలాసార్లు రంగుల్లో వస్తుంది. "తెల్లగోలి ఒకటి, పచ్చగోలి ఒకటి ఇచ్చిండు సారూ, సూది గూడ ఏసిండు." పేరుండదు. నా వాదన అంతా ఆ పేరు గురించే. మందు పేరు రోగి చేతికి రాని చోట ఈ జబ్బు బయటపడదు. పైగా దాన్ని మరింత పెంచే మందే మళ్లీ పడుతుంది.

మన పెద్దపేగులో లక్షల కోట్ల బాక్టీరియా కాపురముంటాయి. అవి చేసే పనుల్లో ముఖ్యమైనది, కాలేయం నుంచి వచ్చే పైత్యరసంలోని ఆమ్లాలను మరో రూపంలోకి మార్చడం. మారిన ఆ ఆమ్లాలున్నంత కాలం కొన్ని చెడ్డ సూక్ష్మజీవులు పెరగలేవు. అలాంటి వాటిలో ఒకటి క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్. డాక్టర్ల నోట సి. డిఫ్. ఇది గట్టి పెంకు కట్టుకున్న విత్తనం లాంటి స్పోర్‌గా మంచం కోళ్ల మీద, తలుపు గడియల మీద నెలల తరబడి బతుకుతుంది. నోటి ద్వారా పేగులోకి చేరినా మామూలుగా అక్కడ మొలకెత్తే వీలుండదు. యాంటీబయాటిక్ పడి కాపురమున్న బాక్టీరియా చచ్చిపోయినప్పుడు పైత్యరసం మారకుండా అలాగే మిగిలిపోతుంది, ఆ మారని రసమే స్పోర్‌కు తొలకరి వాన అవుతుంది. మొలకెత్తిన బాక్టీరియా రెండు విషాలను వదులుతుంది. అవి పేగు లోపలి పొరలోని కణాలను కూలుస్తాయి, పొర వాచిపోయి దాని మీద పసుపు తెలుపు కలిసిన తరకలు పేరుకుంటాయి. రోజుకు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలు, పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం, రక్తంలో తెల్లకణాలు బాగా పెరగడం దీని లక్షణాలు. ముదిరితే పెద్దపేగు ఉబ్బి కదలిక ఆగిపోతుంది, ఒక్కోసారి చిల్లు పడుతుంది. అప్పుడు విరేచనాలు తగ్గినట్టు కనిపిస్తాయి, ఇంట్లోవాళ్లు నయమైందనుకుంటారు. ఈ జబ్బులో అన్నిటికన్నా భయపడాల్సిన ఘడియ అది.

ఈ సంగతి తెలియడానికి వైద్యానికే నలభై ఏళ్లు పట్టింది. 1935లో అమెరికాలో హాల్, ఓటూల్ అనే పరిశోధకులు ఈ బాక్టీరియాను మొదట చూసింది ఏ జబ్బూ లేని పసికందుల మలంలో. ప్రయోగశాలలో పెంచడం కష్టమైంది కాబట్టి కష్టమనే అర్థం వచ్చే లాటిన్ మాటను దానికి పేరుగా పెట్టి పక్కన పెట్టారు. 1974లో క్లిండామైసిన్ వాడిన 200 మంది రోగులను గమనిస్తే దాదాపు ఐదోవంతు మందికి విరేచనాలయ్యాయి, పదోవంతు మందికి పేగులో ఆ తరకలు కనిపించాయి. తరకలకు కారణం సి. డిఫ్ విషమేనని 1978లో తేలింది. క్లిండామైసిన్ ఒక్కటే కాదు, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ కుటుంబమూ, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ కుటుంబమూ, అమాక్సిక్లావ్ కూడా ఈ దారిలోకి తోయగలవని తర్వాత తెలిసింది. మందు వాడుతున్న రోజుల్లోనూ ఆపాక మొదటి నెలలోనూ ప్రమాదం ఏడు నుంచి పది రెట్లు ఉంటుంది, తర్వాతి రెండు నెలల్లో కూడా పూర్తిగా పోదు. మూడు నెలల సంగతి అడగమనేది ఇందుకే.

ఇప్పుడు ఇదే జబ్బు మన ఊళ్లో ఎవరికైనా వస్తే ఏం జరుగుతుందో చూడండి. మోషన్స్ అని చెప్పగానే దుకాణం అర నుంచి దిగేది ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన గోలీ. అందులో ఆఫ్లాక్సాసిన్, పేగులో మిగిలిన మంచి బాక్టీరియానూ ఊడ్చేసే జాతి. పక్కనే విరేచనాలు కట్టేసే లోపరమైడ్. విషం బయటికి పోయే దారిని మూసే మందు కనుక ముదిరిన సి. డిఫ్‌లో వాడకూడనిది. ఆపైన గ్యాస్ గోలీ. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఈ గోలీలు వాడేవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తున్నట్టు చాలా అధ్యయనాలు చెప్పాయి. ఇక సూది. గోలీ కన్నా సూదికి బలమెక్కువన్న నమ్మకం ఇక్కడ గట్టిగా ఉంది. సి. డిఫ్ విషయంలో అది అక్షరాలా తలకిందులవుతుంది. దీనికి వాడే ప్రధానమైన మందుల్లో ఒకటి వాంకోమైసిన్. నరానికి ఎక్కిస్తే అది పెద్దపేగు లోపలికి చేరదు. నోటితోనే తాగాలి, 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు, పది రోజులు. అంటే మన అలవాటు చెప్పే ప్రతి సలహా ఇక్కడ తప్పే. మొదటి తప్పుకు కారణం నిర్లక్ష్యం కాదు. ఎదురుగా ఉన్నది ఏ విరేచనమో తెలియకపోవడం.

మామూలు మల పరీక్షలో ఇది దొరకదు. విషాన్ని వెతికే ప్రత్యేక పరీక్ష కావాలి, ఆ పరీక్ష రాయాలంటే డాక్టర్‌కు అనుమానం కలగాలి, అనుమానం కలగాలంటే పాత మందు పేరు తెలియాలి. ఆ పేరును చెరిపేసేది ఒక కత్తెర. పది గోలీల పట్టీలోంచి నాలుగింటిని కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తారు. పేరు, గడువు తేదీ, యాంటీబయాటిక్‌ను గుర్తుపట్టమని 2016 నుంచి ప్రభుత్వం ప్రచారం చేస్తున్న ఎర్రగీత, అన్నీ దుకాణంలో మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గరైతే పట్టీ కూడా ఉండదు, డబ్బాలోంచి తీసిన విడిగోలీలే. పాలమూరుకు ఇది మరింత పెద్ద చిక్కు. ఊళ్లో గోలీలు మింగిన మనిషి వారం తిరక్కుండా ముంబయి బస్సెక్కుతాడు. విరేచనాలు మొదలయ్యేసరికి అతను భివండీలోనో పుణెలోనో ఏదో కట్టడం పని దగ్గర ఉంటాడు. అక్కడి డాక్టర్‌కు అతని భాష రాదు, ఇతనికి మందు పేరు రాదు. జబ్బు ఒక ఊళ్లో వేసిన విత్తనం, ఇంకో ఊళ్లో కోసిన పంట. మధ్యన రాతపూర్వకమైన ఆనవాలు ఒక్కటీ ఉండదు.

ఇది పాశ్చాత్య దేశాల ఆస్పత్రుల జబ్బు, కల్లాల దగ్గర బతికే మనకెందుకు అని అడిగేవారున్నారు. అమెరికాలో 2011లో జరిపిన లెక్కలో దాదాపు 4,53,000 కేసులు, 29,000 మరణాలు తేలాయి. వాటిలో మూడోవంతుకు పైగా జబ్బు మొదలైంది ఆస్పత్రి బయటే. స్పోర్‌కు దేశమంటూ లేదు, దానికి కావాల్సింది యాంటీబయాటిక్ ఊడ్చిన పేగు. అలాంటి పేగులు ఇక్కడ తక్కువని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. మందు తయారయ్యేదీ ఈ నేలమీదే: జడ్చర్ల దగ్గర పోలేపల్లి, చౌటుప్పల్ చుట్టుపక్కల ఔషధ పరిశ్రమలు మనకు కొత్త కావు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన పారిశ్రామిక జలంలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని చూపించారు. అది మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. ఆ నీటికీ ఈ పేగు జబ్బుకీ నేను నేరుగా ముడిపెట్టను. యాంటీబయాటిక్ ఈ ప్రాంతానికి దూరపు వస్తువు కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాల్లో సి. డిఫ్ వాటా నాలుగో వంతు కూడా మించదు. మిగతావి మందు ఆపగానే వాటంతట అవే తగ్గుతాయి. నిజమే. అయితే పేరు తెలియడం వల్ల మేలు ఆ మిగతావారికే ముందు దక్కుతుంది. విరేచనాలకు కారణం గోలీయేనని తెలిస్తే చేయాల్సింది దాన్ని ఆపి, ఓఆర్‌ఎస్ తాగించి, చూడటం. తెలియకపోతే వాళ్లకూ ఆఫ్లాక్సాసిన్ పడుతుంది, పేగు రెండోసారి ఊడ్చుకుపోతుంది, సి. డిఫ్ వాకిలి తెరుచుకుంటుంది. పెరుగన్నం తింటే సర్దుకుంటుందనే మాట కూడా వింటుంటాం. పెరుగు మంచి ఆహారమే, కానీ అందులో ఉండేవి కొద్ది రకాలు, పేగు కోల్పోయినవి వందల రకాలు. 2013లో నెదర్లాండ్స్ వైద్యులు సి. డిఫ్ మళ్లీమళ్లీ తిరగబెట్టిన రోగులకు ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధిచేసిన ద్రావణంగా పేగులోకి పంపారు. 16 మందిలో 13 మందికి మొదటిసారికే తగ్గింది. వాంకోమైసిన్ మాత్రమే తీసుకున్నవారిలో 31 శాతానికే తగ్గింది. వినడానికి రోతగా ఉన్నా ఈ జబ్బు స్వభావాన్ని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం మరొకటి లేదు. తిరగబెట్టే జబ్బులో పేగుకు లోపించింది ఒకప్పుడు అక్కడ కాపురమున్న బాక్టీరియా. దాన్ని తిరిగి నింపితే ఎక్కువమందికి నయమవుతుంది.

యాంటీబయాటిక్‌ల మీద ఇలా రాస్తే జనం భయపడి అవసరమైనప్పుడు కూడా మానేస్తారని కొందరు డాక్టర్ల ఆందోళన. దాన్ని తేలిగ్గా తీసుకోను. యాంటీబయాటిక్ విలువ మనకు తెలియనిది కాదు. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లలో తొలిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసిన లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనాధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాతో పోయారు. అదే స్ప్రూకు ఈనాటికీ వాడుతున్నవి టెట్రాసైక్లిన్, ఫోలిక్ ఆమ్లం, రెండూ ఆయన ప్రయోగశాలతో ముడిపడినవే. టైఫాయిడ్‌కూ, న్యుమోనియాకూ, రక్తంలో విషం పాకినప్పుడూ యాంటీబయాటిక్ ప్రాణదాత. నేను వద్దంటున్నది మందును కాదు, పేరులేని మందును. తగ్గించడం వల్ల నష్టం జరుగుతుందా అన్నదానికి ఇంగ్లండ్ అనుభవం ఉంది. 2006 తర్వాత అక్కడ సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందుల వాడకాన్ని అదుపు చేశారు, సి. డిఫ్ కేసులు దాదాపు 80 శాతం పడిపోయాయి. 2017లో బాక్టీరియా జన్యువులను పరిశీలించినప్పుడు ఆ మందులకు లొంగని రకాలే మాయమయ్యాయని, మిగతా రకాలు ఉన్నంతే ఉన్నాయని తేలింది. తగ్గుదలకు ఆస్పత్రులు కడిగి శుభ్రం చేయడమే కారణమైతే అన్ని రకాలూ తగ్గాలి. పని చేసింది చీటీ మీద రాసిన పేరు మారడం.

ఆర్‌ఎంపీల మాటకొస్తే, దాడులు చేసి క్లినిక్కులు మూసేస్తే సరిపోతుందన్న వాదనతో నాకు ఏకీభావం లేదు. 2016లో మహబూబ్‌నగర్‌కూ 2019లో నల్గొండ, సూర్యాపేటలకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. అయినా రాత్రి పది గంటలకు తండాలో తలుపు తడితే లేచేది ఆర్‌ఎంపీయే. ఒక రోజు కూలి పోతే ఆ పూట ఇల్లు గడవని మనిషి, మూడు రోజులు ఆగి చూద్దామనే డాక్టర్ కన్నా ఇప్పుడే సూది వేసేవారి దగ్గరికే పోతాడు. అందులో తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కాబట్టి అడగాల్సింది ఆ గదిలో కూడా జరగగలిగేదై ఉండాలి. ఇచ్చిన మందు పేరు, తేదీ, ఎన్ని రోజులకు అన్నది చిన్న కాగితం మీద రాసివ్వాలి. దుకాణంలో పట్టీని పేరు లేని వైపు నుంచి కాకుండా పేరు రోగి వెంట పోయేలా కత్తిరించాలి, లేదా బిల్లివ్వాలి. ఇలా రాసుకోవడం చట్టానికి కొత్త కాదు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, రాసిన డాక్టర్ వివరం, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్లు భద్రపరచాలి. ఆ రాత ఇన్‌స్పెక్టర్ కోసం. అదే వరుస ఇంకొకసారి రాసి రోగికివ్వడానికి పట్టేది అర నిమిషం.

చదువు రాని మనిషి ఆ కాగితాన్ని దాచుకుంటాడా అంటారు. ఈ జిల్లాలు ఒక్కసారి ఫ్లోరైడ్ రోజులు గుర్తు చేసుకోవాలి. మర్రిగూడ, చండూరు వైపు ఎముకలు వంగిపోతుంటే కారణం బోరు నీళ్లేనని నమ్మకం కుదిరింది, బోరు బోరుకూ నీళ్లు కొలిచి అంకె రాసి చూపించాకే. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్గొండ పేరే ఉంది. అంకెను నమ్మిన ప్రజలు పేరునూ నమ్ముతారు. పాస్‌బుక్కు, రేషన్ కార్డు, వడ్ల కాంటా చీటీ, పిల్లల టీకాల కార్డు ఇప్పటికీ ప్రతి ఇంట్లో ట్రంకుపెట్టెలో బట్టల అడుగున మడతపెట్టి ఉంటాయి. వాటి పక్కన మందు చీటీకీ చోటుంటుంది. ముంబయి బస్సెక్కేవాడి చొక్కా జేబులోనూ ఉంటుంది.