గోదారి పెరిగేలోగా బండ చేరాలి

కోనసీమలో ఒక గ్యాస్ ఏజెన్సీలో రూట్లు వేసే పని నాది. రేపు ఏ ఊరికి బండి వెళ్లాలి, ఎన్ని ఫుల్ సిలిండర్లు ఎక్కించాలి అన్నది రాత్రే లెక్కవేసి, పొద్దున్నే డెలివరీ కుర్రాళ్ల చేతిలో చీటీ పెడతాను. ఊళ్లలో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏవండీ, మన కాళ్ల కిందే గ్యాస్ ఉంటే విశాఖపట్నం నుంచి తెప్పించుకోవడం ఏంటండీ?"

అడగదగ్గ ప్రశ్నే. తాటిపాక, పాశర్లపూడి చుట్టుపక్కల ఓఎన్‌జీసీ తోడేది చాలావరకు మీథేన్. అది ద్రవం కావాలంటే సున్నాకు దిగువన 162 డిగ్రీల చలి కావాలి. అందుకే దాన్ని గొట్టాల్లో పంపుతారు. మన వంటగ్యాస్ బండలో ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లకు అంత చలి అక్కర్లేదు. మామూలు వేడిలోనే కొంత ఒత్తిడి పెడితే ద్రవమై, ఆవిరిగా ఉన్నప్పటి చోటులో దాదాపు 250వ వంతులో ఇమిడిపోతాయి. 14.2 కిలోలు ఒక్క బండలో పట్టేది అందుకే. దేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా ఓడల్లో దిగుమతి అవుతుంది. విశాఖలో రాతిని తొలిచి కట్టిన భూగర్భ నిల్వలో 60,000 టన్నులు పడుతుంది. అక్కడి నుంచి సికింద్రాబాద్ దాకా గెయిల్ గొట్టం 600 కిలోమీటర్ల పైచిలుకు. ఫిల్లింగ్ ప్లాంట్లలో బండల్లోకి ఎక్కిన గ్యాస్ లారీల మీద గోడౌన్లకు వస్తుంది.

ఇంతదూరం సాఫీగా వచ్చేది, చివరి పది పదిహేను కిలోమీటర్లలో చిక్కుపడుతుంది.

నర్సాపురం రేవులో నిలబడితే అవతల సఖినేటిపల్లి కనిపిస్తుంది. మనుషులైతే పంటు ఎక్కి దాటేస్తారు, లోడు లారీ మాత్రం చించినాడ వంతెన దాకా చుట్టి రావాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్యా అంతే. ఇక గోదారి పాయల మధ్య ఉన్న లంకల సంగతి వేరు. పి.గన్నవరం మండలంలో ఉడుమూడిలంక, బూరుగులంక వైపు వరద వచ్చినప్పుడు తాత్కాలిక దారి కొట్టుకుపోయి, జనానికి పడవలే దిక్కైన ఏళ్లు చూశాం. మ్యాప్‌లో దూరం కొలిచి ఇక్కడ రూటు వేయలేం.

తక్కువ తిరుగుడుతో సరుకు చేర్చడం ఎలా అన్న లెక్కకు శాస్త్రం ఉంది. 1959లో జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్సర్ అనే ఇద్దరు, టెర్మినల్ నుంచి పెట్రోలు బంకులకు ట్యాంకర్లను ఎలా పంపాలని వ్యాసం రాశారు. ఇప్పటి రూటింగ్ సాఫ్ట్‌వేర్లకు మూలం అదే. 1980ల మొదట్లో ఎయిర్ ప్రొడక్ట్స్ అనే అమెరికా కంపెనీ ఇంకో అడుగు వేసింది. ద్రవ ఆక్సిజన్, నైట్రోజన్ కొనేవాళ్ల ట్యాంకు ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే అంచనా వేసి ట్యాంకర్లను పంపింది. ఖర్చు 6 నుంచి 10 శాతం తగ్గింది. మా సీమకు పనికొచ్చేది ఈ రెండో పద్ధతేనని నా నమ్మకం.

ఎందుకంటే, ముందు బుక్ చేసినవాళ్లకే ముందు ఇవ్వాలన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తే, నాలుగేసి బండల కోసం ఆటో ఒకే లంకకు వారంలో పలుమార్లు తిరగాలి. ఊరివారీగా పోగుచేస్తే డీజిల్ మిగులుతుంది గానీ ముందు బుక్ చేసినవాళ్లు వేచి ఉండాలి. ఆ వేచి ఉండడం అందరికీ ఒకటి కాదు. రెండు సిలిండర్లున్న ఇంట్లో నాలుగు రోజుల ఆలస్యం తెలియనే తెలియదు. దీపం, ఉజ్వల పథకాల కనెక్షన్లున్న ఇళ్లలో చాలావాటికి ఉన్నది ఒకటే బండ. అది అయిపోయిన పూటే కొబ్బరి మట్టల పొయ్యి రాజుకుంటుంది, ఆడవాళ్ల కళ్లు మండుతాయి. అందుకే నా చీటీలో సింగిల్ సిలిండర్ ఇళ్లు పైన ఉంటాయి. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు కూడా కిలోమీటర్లతో పాటు దీన్నీ లెక్కలో పెట్టాలి.

వరద నెలల్లో గోదారే మాకు టైంటేబుల్. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి రమారమి ఒక రోజు పడుతుంది. మాకు చిక్కే వ్యవధి అంతే. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 17.75కు మూడోది. 2022 జూలైలో అక్కడ వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. ముందే గోడౌన్ నింపుకుందామంటే, లైసెన్సులో రాసిన కిలోలకు మించి నిల్వ చేయకూడదు. మనుషులెక్కిన నాటు పడవలో బండలు పంపడానికి నేను ఒప్పుకోను.

దీనికి తోడు ఇంకో ముడి. 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 పథకంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, నాలుగు నెలలకు ఒకటి. ఏప్రిల్‌లో మొదలయ్యే విడత జూలై 31తో ముగుస్తుంది. ఆగినవాళ్లంతా ఆఖరి వారాల్లో బుక్ చేస్తారు, సరిగ్గా అప్పుడే గోదారి పొంగుతుంది. లంక గ్రామాలకు ఆ గడువును వరద తగ్గేదాకా పొడిగిస్తే న్యాయంగా ఉంటుంది.

అది జరిగేదాకా లంకల్లోని అక్కచెల్లెళ్లకు నా మనవి. జూలై ఆఖరు దాకా ఆగకండి, జూన్‌లోనే బుక్ చేయండి. ఫోన్ నంబరు మారితే ఏజెన్సీలో చెప్పండి, డెలివరీ కోడ్ దానికే వస్తుంది. ఖాళీ బండ వాకిట్లో సిద్ధంగా పెట్టండి. బండ తీసుకునే ముందు సీలు చూసి, తూకం వేయించుకోండి. అది మీ హక్కు.