చదువుకునే బిడ్డల మనసు: మన చేతిలోని అమానతు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, ఆయన పరివారంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఆ అమానతులో బిడ్డ దేహమే కాదు, మనసు కూడా చేరి ఉంది. జ్వరం వస్తే రాత్రంతా మేలుకొనే మనం, అదే బిడ్డ నెలల తరబడి లోలోన కుమిలిపోతుంటే గమనిస్తున్నామా? జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యకు బలయ్యారు. పరీక్ష తప్పడమే కారణంగా నమోదైన మరణాలు ఆ ఏడాది 2,248. ఈ అంకెల వెనుక ఉన్నవి ఇళ్లు, తల్లులు, ఖాళీ అయిన పడకలు.

దిగులు చెందిన బిడ్డను చూసి 'ఈమాన్ బలహీనపడింది' అనేవారు మనలో ఉన్నారు. ఈ మాట సరైనది కాదు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుతో దుఃఖించి చూపు కోల్పోయారని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన ప్రవక్త. ఆయన దుఃఖించారు, తన గోడును అల్లాహ్‌కు విన్నవించుకున్నారు, నిరాశ చెందక యూసుఫ్‌ను వెదకమని కుమారులను పంపారు. దుఃఖం, దుఆ, ప్రయత్నం ఈ మూడూ ఒకే హృదయంలో ఇమిడాయి. కనుక దుఃఖం పాపం కాదు. దుఃఖించేవారిని ఒంటరిగా విడిచిపెట్టడమే మన పొరపాటు.

మన ప్రవక్త (స) పిల్లల మనసును ఎలా చూసుకున్నారో గమనించండి. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఆడుకునే పిట్ట చనిపోయింది. బాలుని ముఖం చిన్నబోవడం ప్రవక్త (స) గమనించారు, కారణం అడిగారు, ఆ పిట్ట సంగతే ఎత్తి ఆప్యాయంగా పలకరించారు. 'పిట్ట పోతే ఏమిటి' అని తీసిపారేయలేదు. మనకు స్వల్పంగా తోచే మార్కుల బెంగ బిడ్డకు కొండంత బరువు కావచ్చు. పదేళ్లు సేవ చేసిన తనను ప్రవక్త (స) ఒక్కసారి కూడా విసుక్కోలేదని అనస్ (రజి) సాక్ష్యం చెప్పారు. పక్కింటి బిడ్డ ర్యాంకుతో పోల్చి మాట్లాడే ముందు ఈ సాక్ష్యాన్ని తలచుకుందాం.

నిద్ర, ఆకలి మారిపోవడం, స్నేహితులకు దూరం కావడం, ఇష్టమైన ఆటను, నమాజును కూడా వదిలేయడం, 'నేను మీకు భారం' అనడం, ఇవి రెండు వారాలు దాటి కొనసాగితే ఉపేక్షించరాదు. పక్కన కూర్చుని నేరుగా అడగాలి. 'చనిపోవాలనిపిస్తోందా?' అని అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. మోస్తున్న బరువును దించుకొనే దారి దొరుకుతుంది. ఆ తర్వాత వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. అల్లాహ్ ఏ వ్యాధినీ మందు లేకుండా దించలేదని, చికిత్స చేయించుకోవాలని ప్రవక్త (స) బోధించారు. దుఆ, మందు ఒకదానికొకటి విరుద్ధం కావు. ప్రభుత్వ 'టెలి మానస్' సేవ 14416 నంబరులో రేయింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ లభిస్తుంది.

విద్యాలయాలకూ బాధ్యత ఉంది. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండాలి. మార్కుల ఆధారంగా విడి బ్యాచ్‌లు చేయడం, నలుగురిలో అవమానించడం తగదు. హాస్టల్లో చేర్చే ముందు ఫీజుతో పాటు ఈ విషయాలు కూడా అడగడం మన హక్కు. మస్జిద్‌లోనూ ఫలితాల రోజున 'ఎన్ని వచ్చాయి?' అనే బదులు 'ఎలా ఉన్నావు నాయనా?' అందాం. బిడ్డను పోగొట్టుకున్న ఇంటిని నిందించక, ఓదార్పుతో ఆదుకుందాం.

ఓ అల్లాహ్! మా పిల్లల హృదయాలకు ప్రశాంతతను ప్రసాదించు. వారి మౌనాన్ని వినగలిగే చెవులను, వారిని హత్తుకొనే చేతులను మాకు అనుగ్రహించు. ఆమీన్.