విశాఖ పురమందిరం

విశాఖపట్నం అనగానే నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారం స్ఫురిస్తాయి. అవి వెలయకముందటి విశాఖను చూడగోరువారు పాతనగరంలోని పురమందిరాన్ని దర్శించాలి.

1897లో విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్లు నిండాయి. ఆ వజ్రోత్సవానికి స్మారకంగా విశాఖలో సభాభవనం నిర్మించడానికి బొబ్బిలి సంస్థానాధీశుడు రావు శ్వేతాచలపతి రంగారావు భూరి విరాళమిచ్చారు. 1901లో రాణి మరణించింది. 1904 నాటికి భవనం పూర్తయింది.

విక్టోరియా యుగపు వాస్తురీతి శీతలదేశంలో పుట్టింది. మన తూర్పుతీరంలోనో ఎండ, ఉక్క, ఉప్పుగాలి! అందువల్ల ఆ రీతిని ఇక్కడి వాతావరణానికి అనుగుణంగా మలచుకోవలసి వచ్చింది. ఆనాటి కట్టడాల్లో దళసరి గోడలు వేడిని లోనికి రానీయవు. ఎత్తైన కప్పు వెచ్చని గాలికి పైన చోటిస్తుంది. వసారాలు ఎండవానలను అడ్డుకుంటాయి. విద్యుత్తు లేని రోజుల్లో సభాసదులకు ఇవే చల్లదనాన్నిచ్చాయి.

సామ్రాజ్ఞి పేరిట వెలసిన ఆ మందిరమే కాలక్రమంలో జాతీయ నాయకుల ప్రసంగాలకు వేదిక కావడం విశేషం. కట్టించినవారి ఉద్దేశం ఒకటి; ప్రజలు దానికిచ్చిన అర్థం మరొకటి.

1933లో నౌకాశ్రయం ప్రారంభమైంది. ఆ తరువాత పరిశ్రమలు పెరిగి, నగరం నలుదిశలా విస్తరించింది. పాతనగరం ప్రాభవం తగ్గింది.

ప్రాచీన కట్టడాలకు కాలం కంటె తెలియని మరమ్మతు ఎక్కువ కీడు చేస్తుంది. సున్నపు గోడ తేమను పీల్చి విడుస్తుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ, ఉప్పు లోపలే నిలిచి రాతిని తొలిచివేస్తాయి. కనుక పూర్వుల సంపదను కాపాడడానికి అభిమానంతోపాటు అవగాహన కూడా అవసరం.