గోలు కాడ నిలబడిన తంగరాజ్

మన కాలనీ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు గోలు కాడ ఎవర్ని నిలబెడతారో అందరికీ తెలిసిందే. పరిగెత్తలేనోణ్ణి, కొంచెం లావుగా ఉన్నోణ్ణి, లేదంటే అందరిలోకి చిన్నోణ్ణి. ఇటుకలు రెండు పెట్టి "నువ్వు ఈడ నిలబడు" అంటారు. గెలిస్తే గోలు కొట్టినోణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు. ఓడిపోతే మాత్రం దారి పొడుగునా గోలీనే తిట్టుకుంటూ ఇంటికొస్తారు. పది బంతులు ఆపింది ఎవరికీ గుర్తుండదు, వదిలిన ఒక్కటి మాత్రం వారమంతా గుర్తుంటుంది.

మా లైన్లో రింగ్ ఫ్రేమ్ మీద పని చేసే తమ్ముడొకడున్నాడు. వాళ్ళ పాప తొమ్మిదో తరగతి, బడి జట్టుకు గోల్‌కీపరు. పోయిన నెల షిఫ్టు మారేటప్పుడు టీ అంగడి కాడ నన్ను ఆపి అడిగినాడు: "అన్నా, మ్యాచ్‌లని పిల్ల ఊళ్ళు తిరగాలంటోంది. బంతి ఆపితే ఎవరన్నా సంబళం ఇస్తారా? పెండ్లి సంబంధాల కాడ ఏమని చెప్పేది?" నేను "తంగరాజ్ పేరు విన్నావా?" అన్నాను. వినలేదన్నాడు. చెప్పడం మొదలుపెట్టేసరికి సైరన్ కొట్టింది. ఆయనకు చెప్పాల్సింది అందరికీ చెబుదామని ఇది రాస్తున్నాను.

పీటర్ తంగరాజ్ 1935లో హైదరాబాద్‌లో పుట్టినాడు. సికింద్రాబాద్‌లోని చిన్న క్లబ్బుల్లో ఆడి, 1953లో మిలిటరీలో చేరినాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో. 1953 అంటే మన పెద్దలకు బాగా గుర్తుండే ఏడు. ఆ అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయినాయి, బళ్ళారి మైసూరులోకి వచ్చింది. అక్కచెల్లెళ్ళు రెండు రాష్ట్రాలైపోయిన ఏడు. ఆ ఏడే ఈ ఆరడుగుల పైచిలుకు పిల్లగాడు పటాలంలో సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే గోళ్ళు కొట్టేవాడిగా, ఆట మొదలుపెట్టినాడు. తర్వాతే గోలు కాడికి మారినాడు. మన గ్రౌండులో అయితే అది శిక్ష కింద లెక్క. ఆయనకు అదే బతుకైంది. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో, మళ్ళీ 1958లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1958లోనే ఆసియాలో అందరికన్నా మంచి గోల్‌కీపరు అని పేరొచ్చింది.

ఆ రోజుల హైదరాబాద్ గురించి ఒక మాట చెప్పాల. ఇప్పుడు హైదరాబాద్ అంటే పిల్లలకు క్రికెట్టే. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆడేది పోలీసు ఉద్యోగులు, నేర్పింది సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. ఆయనే తర్వాత దేశం జట్టుకు కోచ్ అయినాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు పోయింది. ఆ జట్టులో తంగరాజ్ ఉన్నాడు, సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ పిల్లగాడు బలరామ్ ఉన్నాడు. ఇంట్లో బూట్లు కొనే స్థోమత లేని ఇండ్ల నుంచి వచ్చినోళ్ళు ఉన్నారు. అంతకు నాలుగేండ్ల ముందు హెల్సింకిలో మనోళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినారు. ఆ పది గోళ్ళ రోజు గోలు కాడ నిలబడినోడి మనసు ఎట్లుండిందో నాకు అప్పుడప్పుడు ఆలోచనకొస్తుంది.

గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మన క్వార్టర్స్‌లో ముందు గది గోడ కన్నా రెట్టింపు వెడల్పు అనుకోండి. పెనాల్టీ కొట్టే చుక్క 36 అడుగుల దూరం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొడితే బంతి అర సెకను లోపే వచ్చేస్తుంది. చూసి దూకే టైము ఉండదు. కొట్టేవాడి నడుము, కాలు తిరిగిన తీరు చూసి ముందే ఒక పక్కకు తేల్చుకోవాల. మెషిన్ మీద దారం తెగకముందే చప్పుడు బట్టి తెలుసుకునే ఆడోళ్ళు మన స్పిన్నింగ్‌లో ఉన్నారు కదా, అట్లాంటి చూపు కావాల. తంగరాజ్ కాలంలో బంతి తోలుది. వానలో తడిస్తే బరువెక్కి రాయి మాదిరి అయ్యేది. ఇప్పటి మందపాటి గ్లవ్స్ అప్పుడు లేవు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గోలు కాడ తంగరాజే. హంగెరీ మీద 2-1తో ఓడినాము, ఫ్రాన్స్‌తో 1-1 సమానం, పెరూ మీద 3-1తో ఓడినాము. పేపరు మీద ఓటములే. హంగెరీ అంటే ఆ రోజుల్లో యూరప్‌లో మహా జట్టు, వాళ్ళకు రెండంటే రెండే గోళ్ళు ఇచ్చినాము. అదే హంగెరీని సెమీఫైనల్‌లో డెన్మార్క్ 2-0తో ఓడించింది. డెన్మార్క్ గోలీ హెన్రీ ఫ్రామ్ చేసిన పని తమాషాగా ఉంటుంది. హంగెరీకి పెనాల్టీ వచ్చినప్పుడు నోట్లో నములుతున్న గమ్ తీసి, తీరిగ్గా నడుచుకుంటూ పోయి గోలు స్తంభానికి అతికించి, తర్వాత వచ్చి నిలబడి బంతిని ఆపినాడు. కొట్టేవాడి గుండె ఆ కాసేపట్లోనే జారిపోయి ఉంటుంది. వాళ్ళూ అప్పటికి జీతం తీసుకునే ఆటగాళ్ళు కారు. డెన్మార్క్‌లో ఆటకు జీతాలు మొదలైంది 1978లో.

ఇక జకార్తా. 1962 ఏషియన్ గేమ్స్. 'మైదాన్' సినిమా చూసినోళ్ళకు కొంత తెలుసు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. అక్కడి నుంచి లేచి థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను గెలిచి ఫైనల్‌కు వచ్చేసరికి ఎదురుగా మళ్ళీ అదే కొరియా. జట్టులో సగం మంది రోగులు, దెబ్బలు తగిలినోళ్ళు. జర్నైల్ సింగ్ తలకు కుట్లు. తంగరాజ్‌కు ఫ్లూ జ్వరం. అంతదాకా గోలు కాడ ఆడింది ప్రద్యోత్ బర్మన్. ఫైనల్‌కు రహీం సాబ్ బర్మన్‌ను కూర్చోబెట్టి, జ్వరం నుంచి అప్పుడే లేచిన తంగరాజ్‌ను దింపినాడు. కొరియా వాళ్ళ ఎత్తు బంతులకు ఈ పొడుగు మనిషే కావాలని లెక్క. కుట్లేసిన జర్నైల్‌ను, మామూలుగా వెనక కాపు కాసే మనిషిని, ముందు గోళ్ళు కొట్టే చోట పెట్టినాడు.

నాకైతే ఆ బర్మన్ మీద కూడా జాలేస్తుంది. గెలిచి గెలిచి ఫైనల్ దాకా తెచ్చి, ఆ రోజు పక్కన కూర్చోవాల్సి వచ్చె. గోలీల్లో ఒకరికే చోటు. మిగతా ఆటగాళ్ళన్నా ఇంకో చోటుకు సర్దుకుంటారు, గోలీకి అదీ లేదు.

సెప్టెంబరు 4. స్టేడియంలో దగ్గర దగ్గర లక్ష మంది, దాదాపు అందరూ మనకు ఎదురే. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆటలకు రానియ్యలేదని మన దేశపు అధికారి సోంధీ మాట్లాడినందుకు అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. ఆ అరుపుల మధ్య పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ తలకుట్లతోనే ఇంకో గోలు, రెండూ మొదటి 20 నిమిషాల్లోనే. అక్కడి నుంచి భారమంతా వెనకోళ్ళది, గోలీది. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. ఇంకోటి పడలేదు. 2-1, బంగారు పతకం. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మళ్ళీ ఇప్పటిదాకా మనకు బంగారం రాలేదు. క్యాన్సర్‌తో ఉన్న రహీం సాబ్ మరుసటి ఏడు జూన్‌లో పోయినాడు.

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్న, సంబళం సంగతి. తంగరాజ్‌కు మొదట అన్నం పెట్టింది మిలిటరీ. 1960 నాటికి సర్వీసెస్ జట్టుతో సంతోష్ ట్రోఫీ కూడా గెలిచినాడు. ఆ తర్వాత కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మూడు పెద్ద క్లబ్బుల్లోనూ ఆడినాడు. 1967లో అర్జున అవార్డు. ఆట మానినాక కడుపు నింపింది మళ్ళీ ఒక ఫ్యాక్టరీయే. బొకారో ఉక్కు కార్ఖానా వాళ్ళ ఫుట్‌బాల్ అకాడమీలో కార్మికుల పిల్లలకు, చుట్టుపక్కల పిల్లలకు నేర్పుకుంటూ అక్కడే ఉండిపోయి, 2008 నవంబరు 24న బొకారోలోనే కన్నుమూసినాడు. ఉన్నమాట చెప్పాలంటే ఆయన కాలంలో ఆట ఒక్కటే అన్నం పెట్టలేదు. ఆటను చూసి ఇచ్చిన కొలువు పెట్టింది. ఇప్పుడూ మన అసుంటోళ్ళకు ఎక్కువగా దక్కేది అదే దారి. రైల్వేలో, పోలీసులో, మిలిటరీలో క్రీడా కోటా ఉంది. దానికి రాష్ట్రం, దేశం స్థాయి సర్టిఫికెట్లు కావాల, అవి రావాలంటే పిల్ల ఊళ్ళు తిరగాల్సిందే. ఇది తమ్ముడికి నచ్చే మాట కాదు, అయినా దాచి లాభం లేదు.

ఇంకో పేరు కూడా చెబుతాను. పీటర్ ష్మైకెల్, డెన్మార్క్ వాడు. 1992లో యూరప్ కప్పు గెలిచిన గోలీ, 1999లో మాంచెస్టర్ యునైటెడ్‌ను గెలిపించిన రోజు కెప్టెన్. ఆటకు జీతం రాకముందు ఆయన మొదటి కొలువు ఎక్కడనుకున్నారు? గుడ్డల ఫ్యాక్టరీలో, రంగులద్దే డిపార్ట్‌మెంట్‌లో. అక్కడి పని ఆరోగ్యానికి మంచిది కాదని భయపడి మానుకున్నాడు. తర్వాత ముసలోళ్ళ ఆశ్రమంలో ఊడ్చే పని, నేల మీద కార్పెట్లు పరిచే పని చేసినాడు. మన జీన్స్ యూనిట్లలో, రంగు తొట్ల కాడ చేతులు నీలంగా చేసుకునే పిల్లలు ఈ సంగతి వింటే నమ్మరేమో.

దూరం పోబన్లేదు. మన తోరణగల్లు పక్క విజయనగర్‌లో 2018లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ మొదలైంది. బెంగళూరు ఎఫ్‌సీ జట్టు సీజనుకు ముందు అక్కడికొచ్చి సాధన చేసుకున్న ఏండ్లున్నాయి. ఆ జట్టు గోలీ గుర్‌ప్రీత్ సింగ్ సంధు, డెన్మార్క్ పక్కనుండే నార్వేలో స్టాబెక్ క్లబ్బుకు ఆడి వచ్చినోడు. మన కంకర గ్రౌండుకూ ఆ పచ్చగడ్డికీ మధ్య బస్సుకు గంట దూరం కూడా ఉండదేమో, లోపలికి పోయే దారి మాత్రం చానా పొడుగు.

మన గ్రౌండులో గోలీకి పెద్ద కష్టం దూకడం కాదు, పడటం. మోచేతులు, తుంట్లు గీరుకుపోతాయి, దాంతో పిల్లలు దూకడమే మానేస్తారు. బ్లో రూమ్ కాడ పారేసే దూది వేస్టు గోనెసంచుల్లో కుక్కి కుట్టిస్తే నేల మీద పరుపు మాదిరి పరచుకోవచ్చు. మా లైను ఆడోళ్ళు నాలుగు సంచులు కుట్టిచ్చినారు, ఆ పాప వాటి మీదే పడటం నేర్చుకుంటోంది. ఇంకో ఆరు సంచులుంటే గోలు వెడల్పంతా నిండుతుంది. కుట్టేవాళ్ళు ఆదివారం పొద్దున ఏడు లోపల గ్రౌండుకు తెచ్చియ్యండి, ఎండెక్కితే కంకర కాలుతుంది.