చిన్న బిజినెస్ అంటూ వాట్సాప్ మెసేజ్.. కంపెనీ కాగితాలు చూసి డబ్బు కట్టేస్తున్నారా?

'ఇంటి నుంచే చిన్న బిజినెస్.. ఇంట్రెస్ట్ ఉందా?' జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. ఏ ఊళ్లో ఉన్నా ఫోన్‌కు ఇలాంటి మెసేజ్ రావచ్చు. పంపేది ఎప్పుడూ తెలియని నంబరే కాదు. క్లాస్‌మేట్ కావచ్చు, బావమరిది కావచ్చు. అసలు చిక్కు అక్కడే.

ఏం అమ్మాలి అని అడిగితే 'మీటింగ్‌కి రండి, చెప్తాం' అంటారు. ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఇంకొకరిని చేర్పిస్తే కమిషన్ అంటే.. అది గొలుసుకట్టు స్కీమే. 1978 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం. నడిపేవాళ్లే కాదు, మనుషుల్ని చేర్పించేవాళ్లూ కేసులో ఇరుక్కుంటారు. ఎంట్రీ ఫీజు తీసుకోవద్దని 2021 డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ కూడా చెబుతున్నాయి.

'మాది రిజిస్టర్డ్ కంపెనీ, జీఎస్టీ ఉంది' అని సర్టిఫికెట్లు చూపిస్తారు. కంపెనీ ఉందనడానికే అవి రుజువు. స్కీమ్‌కు పర్మిషన్ ఉన్నట్టు కాదు. నోయిడాకు చెందిన ఈబిజ్ కూడా రిజిస్టర్డ్ కంపెనీయే. ఆన్‌లైన్ కోర్సుల పేరుతో ఒక్కొక్కరితో 16,821 రూపాయలు కట్టించుకుంది. వలలో పడినవాళ్లలో స్టూడెంట్లే ఎక్కువ. 2019లో సైబరాబాద్ పోలీసులు దాని ఎండీని అరెస్ట్ చేశారు.

ఆన్‌లైన్‌లో డబ్బు పంపేసి మోసం అని తెలిస్తే.. రేపు చూద్దాం అనుకోవద్దు. వెంటనే 1930కి కాల్ చేయాలి. ఆలస్యమైతే డబ్బు నాలుగైదు అకౌంట్లు మారిపోతుంది. చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయొద్దు. ఇంకా డబ్బు కట్టకపోతే ఆ మెసేజ్‌ను సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని 'చక్షు'లో రిపోర్ట్ చేయొచ్చు.