కాగిన గొట్టము, కదలని పంపు



బండిచక్రమునకు కమ్మరి ఇనుపపట్టా తొడుగుట మీరెల్లరు చూచినదే. చల్లగా నున్నప్పుడు పట్టా చక్రముకంటె కొంచెము చిన్నది; ఎంత కొట్టినను ఎక్కదు. పిడకల మంటలో కాల్చినచో పెరిగి సులువుగా ఎక్కును. నీళ్ళు చల్లినంతనే బిగిసి చక్రపు కీళ్ళన్నిటిని కిఱ్ఱుమనిపించును. వేడికి ఇనుము పెరుగుననియు, చల్లారిన తఱుగుననియు, అందు మహాబలము కలదనియు మన కమ్మరి పుస్తకము చదువకయే ఎఱుగును. ఆ బలమే యంత్రశాలలలో పంపులను చెఱచుచున్నది.

పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన చెల్పూరునందు కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. మొదటి దశ 500, రెండవది 600, వెరసి 1100 మెగావాట్లు. అచ్చట బొగ్గుమంటచే నీటిని ఆవిరిగా మార్చి, దానితో టర్బైనును త్రిప్పుదురు. పని తీరిన ఆవిరి చల్లబడి నీరై మరల బాయిలరునకు పోవలయును. ఇట్టి కేంద్రములలో ఆ నీటిని త్రోయునది ఫీడుపంపు. దానిలో పారునది నూరు డిగ్రీలను మించి కాగియు, ఒత్తిడిచే ఆవిరి కాక నిలిచిన నీరు.

ఇక లెక్క చూడుడు. ఒక మీటరు ఉక్కు గొట్టము నూరు డిగ్రీల వేడి హెచ్చినచో సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగును. ముప్పది మీటర్ల గొట్టము 36 మిల్లీమీటర్లు, అనగా రెండు వ్రేళ్ళ వెడల్పు, పెరుగును. ఇది స్వల్పమని తలంపరాదు. గొట్టపు ఉక్కు కోత 10 చదరపు సెంటీమీటర్లే యైనను, వంగనీయక రెండు కొనలను బంధించినచో త్రోపుడు 24 టన్నుల వఱకు పోవును.

ఆ త్రోపుడు పంపుపై బడినచో ఏమగును? పంపు ఇరుసును మోటారు ఇరుసును వెండ్రుక వాసి తేడా లేకుండ ఒకే వరుసలో నిలిపియుందురు. గొట్టము త్రోయగా పంపు ఒఱగును, వరుస తప్పును, అదరు పుట్టును, బేరింగులు కాగి అఱుగును, సీలు కారును. పనివారు బేరింగు మార్చెదరు. నెల తిరుగకమునుపే అది మరల పోవును. దోషము బేరింగులో లేదు, గొట్టములో నున్నది. కాగిన నీరు బయటపడినంతనే భగ్గున ఆవిరియగును గనుక, అచ్చట నిలిచినవాని ప్రాణమునకే ముప్పు.

నివారణ మేమనగా, గొట్టమును తిన్నగా గాక వంపులతో నడుపుట మొదటిది. దూలము వలె తిన్నగా నున్నది త్రోయును. వంపు గలది విల్లువలె వంగి పెరుగుదలను తనలోనే మ్రింగును. రెండవది, పంపునకు చేరువ తగిన చోట గొట్టమును గట్టిగా బంధించి, పెరుగుదల అవతలివైపునకు పోవునట్లు చేయుట. మూడవది, తక్కినచోట్ల జారు ఆధారములను, స్ప్రింగు వ్రేలాడులను అమర్చుట. గొట్టపు బరువు పంపు మోయరాదు.

ముడుతల బెల్లోసు బిగించిన చాలునని కొందఱందురు. అందొక మోసము కలదు. లోని ఒత్తిడి బెల్లోసును సాగదీయును. 20 సెంటీమీటర్ల వ్యాసమునకు, చదరపు సెంటీమీటరున పది కిలోల ఒత్తిడి యున్నచో, మూడు టన్నులు దాటిన బలము పంపుపై బడును. కావున కట్టుకడ్డీలు గాని, గట్టి బంధములు గాని లేని బెల్లోసు రోగముకంటె చెడ్డ మందు.

మన పొలములందును ఈ సూత్రమే. ఎండకు ముప్పది డిగ్రీలు హెచ్చినచో ముప్పది మీటర్ల ఇనుప గొట్టము పదకొండు మిల్లీమీటర్లు పెరుగును; ప్లాస్టిక్ గొట్టము అంతకు పలు రెట్లు పెరుగును. బేరింగులు మాటిమాటికి పోవుచున్నచో క్రొత్తది కొనకమునుపు కరెంటు తీసి, గొట్టమును చల్లారనిచ్చి, నీటి ఒత్తిడి దించి, పంపుకడ బోల్టులను విప్పి చూడుడు. గొట్టము ప్రక్కకు తప్పుకొన్నచో అదియే పంపును పీడించుచున్న దని తెలియును. గొట్టము తనంతట తాను పంపు నోటికి సరిగా రావలయును. గునపముతో లాగి బిగించుట తగదు.

ఇనుమును పెరుగవద్దని ఆపజాలము. పెరుగుటకు చోటు చూపగలము. మీ పిల్లలు యంత్రశాలలకు పోవునప్పుడు ఈ మాట చెప్పి పంపుడు.