కొత్త ల్యాప్‌టాప్‌లో పాత ప్రింటర్ ఎందుకు పనిచేయదు? కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతి

అనంతపురం లాంటి కరువు జిల్లాలో ల్యాప్‌టాప్ కొనడం చిన్న విషయం కాదు. వేరుశనగ డబ్బులకు గల్ఫ్‌లో ఉన్న భాయ్ పంపినవి కూడా కలిస్తేనే కుదిరే ఇళ్లు చాలానే ఉన్నాయి. తీరా కొన్నాక షాపులోని పాత ప్రింటరో, వేలిముద్ర మిషనో దానికి పనిచేయకపోతే? ఇది మిషన్ చెడిపోవడం కాదు. దీని వెనుక ప్రాసెసర్ 'ఆర్కిటెక్చర్' అనే సంగతి ఉంది.

ప్రాసెసర్‌కూ ఒక భాష

ఇంటెల్, ఏఎండీ చిప్‌లకు ఒక భాష. మన ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్‌లకు ఇంకో భాష. ఒక చిప్ కోసం తయారుచేసిన ప్రోగ్రాం రెండోదానికి నేరుగా అర్థం కాదు.

తేడా మాటల్లోనే కాదు, రాసే దిశలోనూ ఉంటుంది. ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి రాస్తాం కదా! అలాగే ఒక పెద్ద సంఖ్యను మెమరీలో పెట్టేటప్పుడు ఇంటెల్ చిప్‌లు చిన్న స్థానం బైటును ముందు పెడతాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు పెద్ద స్థానం బైటును ముందు పెడతాయి. ఫైల్ రాసిన టూల్, చదివే టూల్ ఒకే వరుసకు కట్టుబడకపోతే లెక్కంతా తారుమారే.

అనువాదం ఎక్కడ ఆగిపోతుంది?

2024 మేలో మైక్రోసాఫ్ట్ ఆర్మ్ చిప్‌లతో కొత్త రకం విండోస్ ల్యాప్‌టాప్‌లను ప్రకటించింది. ఆ కంపెనీ సీఈఓ సత్య నాదెళ్ల కుటుంబం మూలాలు మన జిల్లాలోని బుక్కాపురంలోనే ఉన్నాయి. ఇంటెల్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌ను వీటిలో 'ప్రిజం' అనే అనువాదకుడు అప్పటికప్పుడు ఆర్మ్ భాషలోకి మార్చి నడిపిస్తుంది. మామూలు ప్రోగ్రాంలు చాలావరకు ఇలా నడుస్తాయి.

డ్రైవర్ల సంగతి వేరు. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్ లాంటి వాటిని కంప్యూటర్‌తో మాట్లాడించేవి డ్రైవర్లు. విండోస్ లోపలి పొర అయిన కెర్నెల్‌లో పనిచేసే డ్రైవర్లను ఈ అనువాదకుడు ముట్టుకోడు. అవి ఆర్మ్ కోసమే తయారై ఉండాలి. కంపెనీ అలాంటి డ్రైవర్ ఇవ్వకపోతే, విండోస్ దగ్గర సొంత డ్రైవర్ కూడా లేకపోతే, ఆ మిషన్ పక్కన పెట్టాల్సిందే. ఇన్‌పేజ్‌లో ఉర్దూ, పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్స్‌తో తెలుగు కొట్టి పెళ్లి కార్డులు వేసే డీటీపీ షాపుల వాళ్లకు ఇది రోజువారీ బతుకుతెరువు సమస్య.

అన్ని చిప్‌ల మీదా ఒకేలా ఉంచేదెలా?

దీనికి దారి 1973లోనే పడింది. అప్పటిదాకా ఒక మిషన్ భాషలోనే ఉన్న యూనిక్స్‌ను ఆ ఏడాది సీ భాషలో తిరగరాశారు. అసలు ప్రతి ఒకటే, దాన్ని ఏ చిప్ భాషలోకి మార్చాలో కంపైలర్ చూసుకుంటుంది.

డెబియన్ లైనక్స్ నేటికీ చేసేది అదే. ఫైల్ కాపీ చేసే చిన్న టూల్ నుంచి కెర్నెల్ దాకా, ఒకే సోర్స్ నుంచి ప్రతి ఆర్కిటెక్చర్‌కూ విడివిడిగా తయారుచేస్తారు. ఇంటెల్ మీద బాగా నడిచి ఇంకో చిప్ మీద పరీక్ష తప్పితే, దాన్ని లోపంగా నమోదు చేసి సరిచేస్తారు.

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఒక మంచి ఉదాహరణ. పాత 32 బిట్ సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి తేదీ చెబుతాయి. 2038 జనవరి 19 ఉదయం 8.44కి (మన టైమ్) ఆ లెక్క నిండిపోయి తేదీ 1901కి వెనక్కి పోతుంది. అందుకే 32 బిట్ ఆర్మ్‌లోనూ టైమ్ లెక్కను 64 బిట్‌కు మార్చారు. పాత 32 బిట్ ఇంటెల్‌ను మాత్రం, దాని మీద నడిచే పాత ప్రోగ్రాంలు ఆగిపోకూడదని, అలాగే వదిలేశారు. ఒకేలా ఉంచడానికీ, పాతవి నడవడానికీ మధ్య ఎప్పుడూ ఇలాంటి బేరమే.

కొనేముందు ఇవి చూడండి

- షాపులో ఉన్న ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి 'సిస్టమ్ టైప్' చదవండి. అది ఆర్మో కాదో అక్కడే తెలిసిపోతుంది.
- ఇంట్లో, షాపులో ఉన్న ప్రింటర్, వేలిముద్ర మిషన్ల మోడల్ నంబర్లు రాసుకుని, వాటికి ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి.
- చదువుకూ ఇంటర్నెట్‌కూ మాత్రమే అయితే ఆర్మ్‌తో పెద్దగా ఇబ్బంది ఉండదు. పాత మిషన్లతో పని ఉంటే ఇంటెల్ లేదా ఏఎండీదే తీసుకోండి.

మన పిల్లలకు ఒక దారి

ఎవరైనా ఉచితంగా వాడుకోగల రిస్క్-ఫైవ్ అనే మూడో భాష మీద ఐఐటీ మద్రాస్ 'శక్తి', సీ-డాక్ 'వేగా' ప్రాసెసర్లు తయారుచేశాయి. కేంద్రం 2022 ఏప్రిల్‌లో దీనికోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. డెబియన్ 13 రిస్క్-ఫైవ్‌ను అధికారికంగా చేర్చుకుంది. కొత్త చిప్ వచ్చిన ప్రతిసారీ పాత టూల్స్‌ను దాని మీద నడిపించేవాళ్లు కావాలి. సీ భాష బాగా నేర్చుకున్న విద్యార్థి, జేఎన్టీయూలో చదివినా ఊళ్లోని చిన్న కాలేజీలో చదివినా, ఇంట్లో కూర్చునే ఈ పనిలో చేయి కలపవచ్చు. సోర్స్ అందరికీ తెరిచే ఉంది, ఫీజు లేదు.